కారు పాలిషింగ్ ఇంటికాడనే నేర్చుకునుడెట్ల: కడుగుడు నుంచి కోటింగ్ దాక మొత్తం ముచ్చట

మీ కారు నల్లదో, ముదురు నీలందో, మెరూన్‌దో అయితే ఒక్కసారి పొద్దుగాల ఎనిమిది గంటల ఎండల బయట పెట్టి, బానెట్ మీద సూర్యుడు కనబడే జాగల కన్నుపెట్టి చూడండి. ఆ వెలుగు చుట్టూ సాలెగూడు లెక్క సన్నసన్నటి గుండ్రటి గీతలు కనబడతయి. వీటినే స్విర్ల్ మార్క్స్ అంటరు. తెల్ల బండికి కూడా ఉంటయి, కాకపోతె కంటికి ఆనయి. ఇవి కంపెనీకాన్నుంచి వచ్చినయి కావు, రోడ్డు మీద పడ్డయి కూడా కావు, ముప్పాతిక మందం మనం రోజూ తుడిచిన బట్టతోని మనమే గీసినయి.

నేను ఈ పని పట్టి ఐదేండ్లయితుంది. హన్మకొండల మా ఇంటి పోర్టికోలనే, ఆదివారాలు, ఒక్కోసారి శనివారం సాయంత్రం కూడా. కొత్తగ మొదలుపెడ్తమని అడిగేటోళ్లందరూ ఫస్టు అడిగేది ఏ మెషిన్ కొనాలె అని. నేను చెప్పేది ఒక్కటే, మెషిన్ ముచ్చట తర్వాత, ముందు గీత పడకుంట కడుగుడు నేర్చుకోవాలె. ఎందుకంటె పాలిష్ అంటె రంగు మీద ఏదో పూసుడు కాదు, పై పొరను అరగదీసుడు. ఆ పొర మళ్ల రాదు. ఎంత తక్కువ అరగదీసి ఎంత మెరుపు తెచ్చినమన్నదే ఇందులున్న పనితనం, కడుగుడు రానోడు పాలిష్ చేస్తె రెండు నెలలకు మళ్ల అవే గీతలు, మళ్ల పాలిష్, అట్ల నాలుగైదు మాట్ల చేసేసరికి పొరే ఉండదు.

ఆ పొర ఎంత మందం ఉంటది

రేకు మీద ముందు తుప్పు పట్టకుంట ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు అంటే బేస్ కోట్, అన్నిటికంటె పైన రంగు లేని గాజు లెక్కటి క్లియర్ కోట్. ఇవన్నీ కలిపితే కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటది, అందుల క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల కాడ ఉంటది. అంటె మనం పనిచేసేది వెంట్రుకల సగం మందం మీద. ఎండల రంగు వెలిసిపోకుంట కాపాడేది కూడా ఆ పొరనే, బాగ పలచబడితే కొన్నేండ్లకు పెచ్చులు లేస్తది, ఇగ పెయింటర్ తప్ప ఎవ్వరూ ఏం చెయ్యలేరు.

మెరుపెట్ల వస్తదో అర్థం కావాలంటె రామప్పకు పోయిరావాలె. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో లిస్టులకెక్కింది, అక్కడ చూరు కింద ఉన్న నల్ల డోలరైట్ మదనికల దగ్గర నిలబడి చూడండి, ఎనిమిది వందల ఏండ్లయినా వాళ్ల ఒంటి మీద వెలుతురు జారుతనే ఉంటది. ఆ రాయికి ఏ వ్యాక్సూ పూయలే. నున్నగ చేసినరు, అంతే. గరుకు దాని మీద పడ్డ వెలుతురు చెల్లాచెదురైతది, నున్నటి దాని మీద పడ్డది తిన్నగ తిరిగొస్తది. కారు బానెట్‌ది కూడా అదే లెక్క. తేడా ఏందంటే ఆ శిల్పులకు చేతికింద జానెడు మూరెడు మందం రాయి ఉండె, మనకు వెంట్రుకల సగం ఉంది.

మన దిక్కు దుబ్బ వేరు

యూట్యూబ్‌ల చూసేటి వీడియోలన్నీ చల్లటి దేశాల గ్యారేజీలల్ల తీసినయి. మన దగ్గర కరీంనగర్ రోడ్డు పట్టుకుంటే గ్రానైట్ లారీలు, ఆ దుబ్బల క్వార్ట్జ్ ఉంటది, అది క్లియర్ కోట్ కంటె ఎంతో గట్టిది. గోదావరిఖని, భూపాలపల్లి దిక్కున్నోళ్లకు బొగ్గు దుమ్ము. వరి కోతలప్పుడు గాలిల పొట్టు. మేడారం జాతరకు పోయొచ్చిన బండైతే చెప్పే పనే లేదు, ఎర్రటి దుబ్బ డోరు సందులల్ల కూడా దూరి ఉంటది. ఇసొంటి దుబ్బ మీద పొద్దున లేవంగనే పొడిబట్టతోని సర్రున తుడిచినమంటే అది తుడుసుడు కాదు, గీకుడు. మా బాపు పాతికేండ్లు అట్లనే తుడిచిండు, పాత బనీను గుడ్డతోని, బండి మీద ప్రేమతోనే. పొడిగుడ్డ ఒక్కటి ఆపితె సగం పని అయిపోయినట్టే అని ఆయనకు నచ్చజెప్పనీకే నాకు ఏడాది పట్టింది.

కడుగుడు

నీడల కడగాలె, బానెట్ మీద చెయ్యి పెడితె చల్లగ ఉండాలె. ఎండాకాలమైతే పొద్దుగాల ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటి లోపల ముగించాలె.

ముందు చక్రాలు, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్, వేరే గుడ్డ. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి అక్కడ ఉంటది కాబట్టి ఆ గుడ్డ మళ్ల బాడీకి తాకొద్దు. తర్వాత బండి మొత్తం నీళ్లు కొట్టాలె, ప్రెషర్ వాషర్ ఉంటే మంచిది, లేకపోతే పైపు నోరు వేలుతోని మూసి కొట్టినా నడుస్తది, టైం ఎక్కువ పడ్తది అంతే. ప్రెషర్ వాషర్ అయితే నాజిల్‌ను రంగుకు కనీసం అడుగున్నర దూరం పెట్టాలె, స్టిక్కర్లు, పెచ్చు లేసిన జాగలు ఉంటె ఇంకా దూరం. ఫోమ్ క్యానన్ ఉంటే నురుగు కొట్టి నాలుగైదు నిమిషాలు ఇడిసిపెట్టండి, ఎండిపోకముందే కడిగెయ్యండి. చెయ్యి పెట్టకముందే ఎంత దుబ్బ నీళ్లతోని పోతే అంత లాభం.

తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్ల షాంపూ నీళ్లు, రెండోదాంట్ల ఉత్త నీళ్లు. రెండిట్ల అడుగున గ్రిట్ గార్డ్ అని జల్లెడ లెక్కటి ప్లాస్టిక్ చట్రం వస్తది, అది వేస్తే దుబ్బ కిందికి దిగి మళ్ల పైకి లేవదు. మైక్రోఫైబర్ మిట్ చేతికి తొడుక్కొని షాంపూల ముంచి ముందు టాపు, తర్వాత అద్దాలు, బానెట్, డోర్ల పై సగం, ఆఖరికి కింది సగం. కింద ఎప్పుడూ మురికి ఎక్కువ కాబట్టి అది ఆఖరికే. గుండ్రంగ తిప్పొద్దు, తిన్నగ లాగాలె, వత్తొద్దు. ఒక్క ప్యానెల్ కాంగనే మిట్‌ను ఉత్త నీళ్ల బకెట్ల పిసికి జల్లెడకు రుద్ది మళ్ల షాంపూల ముంచాలె. పని అయినంక ఉత్త నీళ్ల బకెట్ అడుగు చూడండి, ఆ దుబ్బంత లేకపోతే రంగు మీద తిరిగేది.

సర్ఫు, గిన్నెల లిక్విడ్ వాడొద్దు, అవి వ్యాక్స్‌ను లేపేస్తయి, రబ్బర్లను ఎండబెడ్తయి. కార్ షాంపూ పీహెచ్ న్యూట్రల్ అని రాసున్నది తీసుకుంటె సరిపోతది.

ఇగ నీళ్ల ముచ్చట. మన దిక్కు బోర్ నీళ్లు చానా చోట్ల గట్టి నీళ్లు, ఆరినంక తెల్లటి చుక్కలు పడ్తయి, ఎండల కాలితే ఆ చుక్క రంగుల దిగి గుంట పడ్తది. నేను చేసేదేందంటె ఆఖరుసారి గల్లీల వాటర్ ప్లాంట్ కాడ తెచ్చిన 20 లీటర్ల క్యాన్ నీళ్లను మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్ల పోసి బండి మొత్తం ఒక్కసారి కొడ్త, ఐదారు లీటర్లు చాలు. ఒక్క మాట, ఇంట్ల ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్లు పట్టి కారు కడుగుతరు కొందరు, నీళ్లు ఆదా అయితయని. ఆ ఆలోచన మంచిదే గాని అందుల లవణాలు బోర్ నీళ్ల కంటె ఎక్కువ ఉంటయి, వాటిని గచ్చు కడగనీకి వాడుకోండి. తుడిచేటందుకు పెద్ద డ్రైయింగ్ టవల్, బట్ట మందం చెప్పే లెక్కల 800 జీఎస్‌ఎం పైనున్నది, బానెట్ మీద దుప్పటి పరిచినట్టు పరిచి అంచు పట్టుకొని నిమ్మళంగ లాగితే చాలు.

పసుపు, కుంకుమ, బెల్లం

దసరాకు వాహన పూజ చేసినంక తెల్ల బండి బానెట్ మీద పసుపు మరక పడిందని చానామంది ఆగమైతరు. కుంకుమను, పసుపును గుడ్డతోని రుద్దొద్దు, ముందు ధారగ నీళ్లు పోసి జారగొట్టాలె, తర్వాత షాంపూ మిట్. అయినా లేత పసుపు మిగిలితే పరేషాన్ కావొద్దు, పసుపు రంగు ఎండకు దానంతటదే వెలిసిపోతది, కొన్నిరోజులు బయట పెడితే చాలు, దానికోసం కాంపౌండ్, అంటే గరుకెక్కువున్న పాలిష్, పెట్టి రుద్దే అవసరం లేదు. మేడారం బంగారం, అదే బెల్లం, ఎక్కడన్న అంటుకుంటే గోరువెచ్చని నీళ్లల్ల తడిపిన గుడ్డ పది నిమిషాలు పరిచి పెడితె కరిగిపోతది. నిమ్మరసం, పక్షి రెట్ట మాత్రం ఎండల ఉండనియ్యొద్దు, ఒక్క మధ్యాహ్నమే చాలు అచ్చు పడనీకి.

అంటుకున్నది లేపుడు

కడిగినంక చేతికి ఒక పలచటి క్యారీబ్యాగ్ తొడుక్కొని బానెట్ మీద మెల్లగ జరపండి. ఒట్టి వేళ్లకు తెల్వని గరుకు కవర్ మీదికెల్లి ఇసుక కాగితం లెక్క తెలుస్తది. అది రంగుల దిగిన కల్మషం. కాజీపేట జంక్షన్ దగ్గర, రైల్వే క్వార్టర్ల దిక్కు ఉండేటోళ్ల బండ్ల మీద ఇది ఎక్కువ, రైలు చక్రాలు, బ్రేకుల నుంచి లేసిన సన్నటి ఇనుప రజను వచ్చి పడి అక్కడే తుప్పు పట్టి తెల్ల బండ్ల మీద నారింజ చుక్కలైతయి.

దానికి ఐరన్ రిమూవర్ కొట్టాలె. కొట్టంగనే ఇనుమున్న జాగల ఊదారంగు తిరిగి కిందికి కారుతది, కుళ్లిన గుడ్డు వాసనొస్తది. గ్లౌజులు వేసుకోవాలె, నీడల చెయ్యాలె, మూడు నాలుగు నిమిషాలకు కడిగెయ్యాలె. తర్వాత క్లే బార్, అంటే కల్మషాన్ని పట్టి లేపే మెత్తటి బంకమట్టి లెక్కటి ముద్ద. చిన్న ముక్క తెంపి అరచేతిల చదును చేసి, షాంపూ నీళ్లు బాగ కొట్టుకుంట వేళ్లతోని తేలికగ జరపాలె. మొదలు తట్టుకుంటది, తర్వాత జారుతది, జారితే అయిపోయినట్టు. ముక్క నల్లబడంగనే మడిచి కొత్త మొఖం తీసుకోవాలె. కింద పడితే పారెయ్యాలె, కడిగి వాడుదమనుకోవద్దు, అందుల దిగిన ఒక్క ఇసుక రేణువు చాలు. క్లే కూడా కొద్దిగ మసక గీతలు పెడ్తది కాబట్టి పాలిష్ చేసేటప్పుడే చెయ్యాలె, ఊకూకె కాదు.

మెషిన్ పట్టేముందు

పాలిష్ మెషిన్లు డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్, రోటరీ పాలిషర్ అని రెండు రకాలు. రోటరీ ఒక్క దిక్కే గుండ్రంగ తిరుగుతది, ఒక్క జాగల ఆగితే వేడెక్కి రంగును కాల్చేస్తది. డీఏ తిరుగుకుంటనే అటూ ఇటూ ఊగుతది, గట్టిగ వత్తితే తిరుగుడు ఆగిపోతది, అందుకే కొత్తోళ్లకు అదే.

ఇది నేను చేతులారా నేర్చుకున్నది. మొదట్ల డీఏ కొనకుంట డ్రిల్ మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ బిగించి మా పాత కారు డోరు మీద పెట్టిన, డోరు అంచు దగ్గర రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆగింది, తెల్లగ ప్రైమర్ బయటపడ్డది. బాపు ఏమనలే, వేలుతోని ఆ జాగ తడిమి లోపలికి పోయిండు. నాకు ఇప్పటికీ ఆ అంచు కండ్ల ముందరనే ఉంటది. మడతలు, అంచులు, మూలల దగ్గర క్లియర్ కోట్ ఎప్పుడైనా పలచగనే ఉంటది. అందుకే ఇప్పుడు ప్రతి అంచుకు, ప్లాస్టిక్‌కు, రబ్బర్‌కు మాస్కింగ్ టేప్ వేసినంకనే మెషిన్ ఆన్ చేస్త.

డీఏల 8 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు, 21 మిల్లీమీటర్లు ఊగేటివి ఉంటయి. మొదటిదానికి 8 గాని 15 గాని, 5 అంగుళాల ప్లేటున్నది తీసుకోండి. ఫోమ్ ప్యాడ్లు మీడియంవి నాలుగు, ఫినిషింగ్‌వి రెండు. ఒక్క ప్యాడ్‌తోని బండి మొత్తం చేస్తమంటే కాదు, ఒకటి రెండు ప్యానెళ్లకు ప్యాడ్ వేడెక్కి నిండిపోతది. ఒక కాంపౌండ్, ఒక ఫినిషింగ్ పాలిష్, నాణ్యమైన మైక్రోఫైబర్ గుడ్డలు పదిహేను, ఒక మంచి టార్చి. పైసలు తక్కువుంటే మెషిన్‌ల తగ్గించుకోండి గాని గుడ్డలల్ల తగ్గించుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ బండి అయితే పెయింట్ మందం కొలిచే గేజ్ దొరికితే మంచిది. రేకు మీద 100, 120 చూపిస్తే కంపెనీ రంగు, 200 దాటితే మళ్ల రంగేసినట్టు, 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టు లెక్క. 80 కిందికొస్తే ఆ ప్యానెల్ జోలికి పోవద్దు. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ పనిచెయ్యదు. అట్లనే గీత మీద గోరు అడ్డంగ జరిపి చూడండి, గోరు తట్టుకుంటే అది లోతు గీత, పాలిష్‌తోని పోదు, పోగొట్టాలని చూస్తే పొరే పోతది.

టెస్ట్ స్పాట్, దాని తర్వాత మిగతాది

బానెట్ మీద రెండడుగులు పొడవు రెండడుగులు వెడల్పు జాగకు టేప్ వేసుకోండి. ముందు మెత్తటి ప్యాడ్, మెత్తటి పాలిష్‌తోనే మొదలుపెట్టాలె. గీతలు పోతే అదే చాలు. పోకపోతే మీడియం ప్యాడ్, అదీ చాలకపోతే కాంపౌండ్. కింద నుంచి పైకి ఎక్కాలె గాని పై నుంచి దిగొద్దు.

ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగైదు. మెషిన్ ఆన్ చెయ్యకముందే ప్యాడ్‌ను రంగు మీద అక్కడక్కడ అద్ది, స్పీడు 1ల పెట్టి పరిచి, తర్వాత 4 గాని 5 గాని. సెకనుకు అంగుళం కంటె ఎక్కువ జరపొద్దు, ఇది వినడానికి అలకగ ఉంటది గాని మొదట్ల చెయ్యి ఉరుకుతనే ఉంటది. ఒక వరుస మీద సగం వచ్చేటట్టు ఇంకో వరుస, అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి, అట్ల నాలుగు మాట్లు. ప్యాడ్ ప్లేటు పక్కకు మార్కర్‌తోని ఒక గీత పెట్టుకోండి, ఆ గీత తిరుగుకుంట కనబడాలె. కనబడే గీత ఒక్క జాగల ఊగుతుందంటే మీరు ఎక్కువ వత్తుతున్నరు, లేకపోతే ప్యాడ్ ఒరిగింది.

అయిపోయినంక గుడ్డతోని తుడిచి అట్లనే చూసి మురవొద్దు. పాలిష్‌ల ఉండే నూనెలు గీతలల్ల నిండి దాస్తయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లల్ల పది పదిహేను శాతం కలిపి కొట్టి తుడిస్తె ఉన్నది ఉన్నట్టు కనబడతది. అప్పుడు టార్చి వేసి చూడాలె. నేను ఈ పని నేర్చుకోకముందు ఒకసారి ఒక వాషింగ్ సెంటర్ల డబ్బులు పెట్టి పాలిష్ చేయించుకున్న, డెలివరీ రోజు అద్దం లెక్క ఉండె, రెండు కడుగుడులకు గీతలన్నీ మళ్ల తేలినయి. వాళ్లు తీసింది ఏం లేదు, నింపి పంపినరు. అప్పటిసంది ఆల్కహాల్‌తోని తుడువకుంట ఏ ప్యానెల్‌నూ అయిపోయిందనుకోలే.

ఆ రెండడుగుల జాగల కుదిరిన జోడీతోనే మిగతా బండి మొత్తం చెయ్యాలె. ప్రతి జాగ అయినంక ప్యాడ్‌ను గట్టి బ్రష్‌తోని దులపండి. మా పక్కింటన్న ఒకరోజు గేటు కాడ నిలబడి చానాసేపు చూసి "ఏం తమ్మీ, ఒక్క డోరుకే పూటంత పడ్తదా" అన్నడు. "టార్చి పట్టుకో అన్నా" అని ఆయన చేతిల పెట్టి, చేసిన సగం, చెయ్యని సగం నడుమ టేప్ తీసిన. ఒక దిక్కు టార్చి బుగ్గ ముత్యం లెక్క ఒక్కటే చుక్క, ఇంకో దిక్కు దాని చుట్టూ గూడు. ఆయన ఏం మాట్లాడకుంట చెప్పులిడిసి లోపలికొచ్చి కూసున్నడు.

బండి మొత్తానికి రెండు రోజులు పెట్టుకోండి. నేనైతే ఈ పనిని కార్తీకం నుంచి శివరాత్రి లోపల్నే చేస్త, మన వరంగల్ మే నెల ఎండకు పాలిష్ ప్యాడ్ మీదనే ఎండిపోయి పొడి లేస్తది. ఇంకొక మాట, పాత బండ్లల్ల కొన్నిటికి క్లియర్ కోట్ ఉండదు, ప్యాడ్‌కు రంగు అంటుతది. రంగు అంటిందని భయపడొద్దు, కాకపోతె ఇంకా మెత్తగ చెయ్యాలె. క్లియర్ కోట్ ఉన్న బండికి ప్యాడ్ మీద రంగొస్తే మాత్రం అక్కడికక్కడ ఆపెయ్యాలె.

కాపాడే పూత

కార్నూబా వ్యాక్స్, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చేది, ముదురు రంగుల మీద కమ్మటి లోతు ఇస్తది గాని మన ఎండకు నెలా రెండు నెలలు. సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు వస్తది, కొత్తోళ్లకు అదే నయం, పొరపాటైనా తుడిస్తె పోతది. సిరామిక్ కోటింగ్ ఏండ్లు వస్తది, కాకపోతె అప్పటికప్పుడు సమంగ తుడువకపోతే గట్టిపడి మచ్చలైతయి, మళ్ల పాలిష్‌తోనే తియ్యాలె. రెండు బండ్లు పాలిష్ చేసి చెయ్యి కుదిరినంక దాని జోలికి పోండి. చిన్న చిన్న జాగలు, మంచి వెలుతురు, వేసినంక కనీసం 24 గంటలు నీళ్లు తాకొద్దు. 9హెచ్ అని డబ్బా మీద రాసేది పెన్సిల్ గట్టితనం లెక్క, రాయి తగిలితే ఆగదు, తప్పుడు గుడ్డతోని తుడిస్తె కోటింగ్ మీద కూడా గీత పడ్తది.

గుడ్డలు

చివరాఖరికి అన్నీ గుడ్డల కాడికే వస్తయి. మైక్రోఫైబర్లను ఇంట్ల బట్టలతోని కలిపి ఉతకొద్దు, నూలు బట్టల పోగులు పట్టుకుంటయి. కంఫర్ట్ లెక్కటి సాఫ్ట్‌నర్లు వేస్తే పోగులు మూసుకపోయి నీళ్లు పీల్చవు. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగ లిక్విడ్ డిటర్జెంట్, అంతే. కింద పడ్డ గుడ్డ అదే రోజు చక్రాల డబ్బాలకు పోవాలె. మిద్దె మీద ఆరెయ్యొద్దు, సాయంత్రానికి దుబ్బ పడ్తది, లోపలి అర్రల దండెం మీద వెయ్యండి. కొత్త గుడ్డ కొంటే ఇంట్ల మూలకు పడున్న పాత సీడీ తీసి మెరిసే దిక్కు ఆ గుడ్డతోని పదిసార్లు గట్టిగ రుద్ది ట్యూబ్‌లైట్ కింద పట్టి చూడండి. సీడీ మీద గీత కనబడిందంటే ఆ గుడ్డ టైర్లకే.